నాన్న ఇంట్లో ఉన్న రోజులు

ఏడో తరగతి వరకూ నా జడలు నాన్నే వేశాడు. మా క్లాసులో నాన్న చేత జడ వేయించుకుని వచ్చే ఆడపిల్లని నేనొక్కదాన్నే. అమ్మ పొద్దున్న ఏడింటికల్లా జీడి ఫ్యాక్టరీకి వెళ్ళిపోయేది కాబట్టి, మమ్మల్ని లేపడం, నీళ్ళు పోయడం, చద్దన్నం కలిపి పెట్టడం, జడలు, తమ్ముడి చొక్కా బొత్తాలు, అన్నీ నాన్నవే. నన్ను అరుగు కింది మెట్టు మీద కూర్చోబెట్టి తను పై మెట్టు మీద కూర్చునేవాడు. ఎర్ర రిబ్బను ఒక కొస పళ్ళ మధ్య పట్టుకుని, అరచేతిలో కొబ్బరినూనె వేసుకుని తలకి పట్టించి, మూడు పాయలు తీసి లాగి లాగి అల్లేవాడు. ఎంత బిగించేవాడంటే నా కనుబొమలు పైకి లేచిపోయేవి. నొప్పి నాన్నా అంటే, "బడి వదిలేదాకా ఊడకూడదు కదే" అనేవాడు రిబ్బను పళ్ళలోంచి తియ్యకుండానే. ఒక్కో జడకి ఒక్కో ఎక్కం. ఎడమ జడకి పన్నెండో ఎక్కం, కుడి జడకి పదమూడోది. ఇప్పటికీ పదమూడు ఏడులు తొంభై ఒకటి అనుకుంటే కుడి చెవి వెనకాల చురుక్కుమంటుంది నాకు.

మాది పలాస-కాశీబుగ్గ. రైల్లో వెళ్ళేవాళ్ళకి పలాస అంటే జీడిపప్పు పొట్లాలు, అంతే. మాకు పలాస అంటే ఫ్యాక్టరీల్లో పిక్కలు ఉడికే వాసన, అమ్మ వేళ్ళు. మొదట్లో అమ్మ పిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. జీడిపిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది, అందుకని చేతులకి బూడిద రాసుకుని కూర్చునేవాళ్ళు, అయినా వేలి కొసలు నల్లబడిపోయేవి, పొరలు పొరలుగా లేచిపోయేవి. తర్వాత పప్పు మీద పొట్టు తీసే పనికి మారింది, అది కాస్త నయం. పప్పు విరక్కుండా తియ్యాలి, గుండుకి ఉన్న ధర బద్దకి ఉండదు. కిలో లెక్కన కూలీ. అమ్మ ఇంటికొచ్చి మా బుగ్గలు నిమిరితే గరుగ్గా తగిలేది. నా చిన్నప్పుడు అమ్మ చెయ్యి గరుకు, నాన్న చెయ్యి మెత్తన. మిగతా పిల్లల ఇళ్ళలో ఇది తిరగబడి ఉంటుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నాన్న బీఈడీ చదివాడు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ టీచరు ఉద్యోగాలకి డీఎస్సీ పరీక్ష పడింది, అప్పటికి నాకు మూడేళ్ళు, అమ్మ కడుపులో తమ్ముడు. నాన్న రాశాడు, ఇంటర్వ్యూకి వెళ్ళాడు, అర్హుల జాబితాలో పేరు వచ్చింది. మా తాత వీధంతా మందస పాలకోవా పంచిపెట్టాడని చెబుతారు. అక్కడితో ఆగిపోయింది. కటాఫ్ మార్కులు ముందు ఒకటి చెప్పి తర్వాత తగ్గించారు. ఎవరిని ముందు తీసుకోవాలి, ఎవరిని తర్వాత అన్న దగ్గర గొడవ మొదలైంది, కొంతమంది ట్రిబ్యునల్‌కి వెళ్ళారు, తర్వాత హైకోర్టు. నాన్నలాంటివాళ్ళు రాష్ట్రమంతా వేలల్లో మిగిలిపోయారు. "98 డీఎస్సీ వాళ్ళు" అనేది ఒక కులం పేరులాగా అయిపోయింది. ఆ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు వినిపించేదంటే, తమ్ముడు మాటలు నేర్చుకునే వయసులో "దీయెస్సీ" అనేవాడట.

ఉద్యోగం లేదు గానీ వీధంతా నాన్నని మాస్టారనే పిలిచేవారు. కొందరు నిజంగా గౌరవంతోనే. కొందరి గొంతులో వేరే ఏదో ఉండేది, అది పిల్లలకి కూడా తెలిసిపోతుంది. "ఏటి మాస్టారూ, కాగితం వచ్చిందేటి?" అని అడిగేవారు దారిలో కనబడితే. కాగితం అంటే పోస్టింగు ఆర్డరు. నాన్న నవ్వి "వస్తాది బావు, వస్తాది" అనేవాడు. ఆయన చెయ్యి పట్టుకుని నడుస్తున్న నాకు ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి కొంచెం బిగుసుకోవడం తెలిసేది.

రోజూ స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. కరెంటు ఇస్త్రీపెట్టె లేదు మాకు. ఇత్తడి చెంబులో నిప్పులు వేసి, అడుగు తడిగుడ్డతో తుడిచి, దుప్పటి నాలుగు మడతలు వేసి దాని మీద చొక్కా పరిచి రుద్దేవాడు. కాలరు, చేతులు, ఆఖరికి జేబు. జేబులో నీలం రీఫిల్లు పెన్ను. మేం బడికి వెళ్ళాక తాళం వేసుకుని తొమ్మిదింటికి శాఖా గ్రంథాలయానికి వెళ్ళేవాడు, ఉద్యోగానికి వెళ్ళినట్టే, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా. అక్కడ పేపర్లన్నీ చదివేవాడు. ఈనాడులో ప్రతిభ పేజీ, నోటిఫికేషన్లు, కోర్టు వార్తలు. సెలవుల్లో నన్నూ తీసుకెళ్ళేవాడు. ఆ పొడుగు బల్ల ముందు నాన్నలాంటి మగవాళ్ళు నలుగురైదుగురు ఉండేవారు, అందరూ ఇస్త్రీ చొక్కాలే, అందరి జేబుల్లోనూ పెన్నులే. ఒకరు చదివేసిన పేపరు ఇంకొకరు తీసుకునేవారు, మాట్లాడుకునేది తక్కువ. నేను బాలల పుస్తకాల బీరువా దగ్గర నేల మీద కూర్చునేదాన్ని. ఇవాళ నేను నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ నేల చలవే.

ఐదు నుంచి ఆరో తరగతికి వేరే బడికి మారేటప్పుడు ఒక ఫారం ఇచ్చారు నింపి తెమ్మని. తండ్రి పేరు, కింద తండ్రి వృత్తి. ఇంట్లో ఫారాలన్నీ నాన్నే నింపుతాడు, ముత్యాల్లాంటి అక్షరాలు. పేరు రాశాడు, చిరునామా రాశాడు, తల్లి వృత్తి దగ్గర కూలి అని రాశాడు, ఆ గడి మాత్రం వదిలేసి, "తర్వాత రాద్దాంలే" అని ఫారం నా పుస్తకంలో పెట్టేశాడు. మర్నాడు క్లాసులో టీచరు "ఇది ఖాళీగా ఉందేంటి, మీ నాన్న ఏం చేస్తారు?" అంటే నేను పెన్ను తీసి అక్కడే నిలబడి టీచర్ అని రాసేశాను. రాస్తుంటే చెవులు వేడెక్కిపోయాయి. అబద్ధం రాస్తున్నానని నాకు తెలుసు, అది అబద్ధం కూడా కాదనీ అనిపిస్తోంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఎన్నాళ్ళో ఎవరైనా కనిపెడతారేమో అన్న టెన్షన్‌తో ఉండేదాన్ని.

అలాంటి ఇళ్ళలో పెరిగే పిల్లలకి ఎవరూ నేర్పకుండా కొన్ని విద్యలు వచ్చేస్తాయి. ఇరవయ్యో తారీకు దాటాక ఏదీ అడగకూడదని తెలుస్తుంది. పప్పులో నీళ్ళు ఎన్ని ఉన్నాయో చూసి ఇంట్లో పరిస్థితి తెలుసుకోవచ్చని తెలుస్తుంది. అరువు తేవాల్సి వచ్చినప్పుడు కిరాణా కొట్టుకి మమ్మల్నే పంపేవారు. పెద్దవాళ్ళు వెళితే కొట్టాయన పాత బాకీ గురించి నాలుగు మాటలంటాడు, పిల్లలు వెళితే విసుక్కుంటాడు గానీ కాదనలేడు. ఒక ఎర్ర అట్ట ఖాతా పుస్తకం ఉండేది మా పేరు మీద. అది చంకలో పెట్టుకుని కొట్టు ముందు నిలబడి, డబ్బులిచ్చేవాళ్ళందరూ కొనుక్కుని వెళ్ళేదాకా ఆగి, అప్పుడు మెల్లిగా పుస్తకం బల్ల మీద పెట్టేదాన్ని. అరలీటరు నూనె, పావుకిలో కందిపప్పు, ఒక సబ్బు. సబ్బు అడగాలంటే సిగ్గేసేది ఎందుకో, తిండి అడగడానికి అంత వేసేది కాదు. తమ్ముడికి ఎనిమిదేళ్ళు వచ్చాక ఇక వెళ్ళనని మొండికేశాడు. వాడు ఇంట్లో గోడకి ఆనుకుని నిలబడి, "నాన్న వెళ్ళొచ్చు కదా" అన్నాడు. నాన్న విన్నాడు. చెప్పులేసుకుని తనే వెళ్ళాడు ఆ రోజు.

నాన్న ఏ పనీ చెయ్యలేదని కాదు. ఒక ప్రైవేటు బడిలో చేరాడు నెలకి 800 జీతానికి, రెండు నెలలు ఇచ్చి మూడో నెల ఇవ్వలేదు. విద్యా వలంటీరుగా ఒక ఏడాది చేశాడు, ఆ పది నెలలూ మా ఇంట్లో పండగే, నాన్న సైకిలు తుడిచే శబ్దానికి నాకు మెలకువ వచ్చేది. రైసు మిల్లులో లెక్కలు రాశాడు. బీమా పాలసీలు కట్టించాలని తిరిగాడు, మొహమాటం మనిషి, చుట్టాల్లో ముగ్గుర్ని కూడా అడగలేకపోయాడు. డీఎస్సీలు మళ్ళీ మళ్ళీ రాశాడు, 2000లో, 2001లో, 2006లో. ఒకటి రెండు మార్కులతో పోయేది. ప్రతి పని మధ్యలోనూ ఎవరో ఒకరు ఫోను చేసేవారు. మొదట్లో ఎదురింటి వాళ్ళ ల్యాండులైనుకి, తర్వాత నాన్న చిన్న నోకియాకి. "ఈ వారం ఫైలు కదులుతుందట", "జడ్జిమెంటు మనకే అనుకూలమట", "హైదరాబాదు రావాలట అందరం". అంతే, నాన్న ఆ పని వదిలేసి సర్టిఫికెట్ల ఫైలు తీసుకుని బయల్దేరేవాడు.

ఇప్పుడు ఆలోచిస్తే నాకనిపిస్తుంది, ఇక రాదు అని ఎవరైనా మొహం మీద తేల్చి చెప్పేసి ఉంటే నాన్న ఏదో ఒకటి చూసుకునేవాడు. కొబ్బరికాయల వ్యాపారం చేసేవాడో, బరంపురమో సూరత్తో వెళ్ళిపోయేవాడో, మా వైపు చాలామంది మగవాళ్ళు అలాగే వెళ్ళారు. రాదని ఎవరూ చెప్పలేదు. పాతికేళ్ళు ఎవరూ చెప్పలేదు. వచ్చే నెల అనే మాట ఒక మనిషిని కదలనివ్వకుండా ఎలా కట్టేస్తుందో నేను మా ఇంట్లో చూశాను. నాన్నది సోమరితనం అని మా మేనమామలు అనేవారు. సోమరి ఎవరైనా రోజూ తొమ్మిదింటికి చెంబు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరతాడా చెప్పండి?

పెళ్ళిళ్ళకి నాన్న వచ్చేవాడు కాదు. అమ్మా మేమూ వెళ్ళేవాళ్ళం. "మీ ఆయన రాలేదేమే" అంటే అమ్మ "కోర్టు పని మీద ఊరెళ్ళారు" అనేది. ఆయన ఇంట్లోనే ఉండేవాడు. పెళ్ళి భోజనంలో అప్పడం, బూందీ లడ్డూ అమ్మ కొంగున కట్టి తెచ్చేది, రాత్రి నాన్న దాన్ని మాకు మళ్ళీ పంచేవాడు, తను ఒక ముక్క నోట్లో వేసుకుని "బాగుందే" అనేవాడు. పంక్తిలో కూర్చుంటే పక్కవాళ్ళు అడిగేది ఒకటే ప్రశ్న కదా, ఇప్పుడేం చేస్తున్నారు అని. దానికి జవాబు చెప్పలేక పాతికేళ్ళలో ఎన్ని పెళ్ళి భోజనాలు వదులుకున్నాడో.

ఇవన్నీ చదివితే మాది ఏడుపుగొట్టు ఇల్లనుకుంటారేమో. కాదు, మా వీధిలో పిల్లలందరూ చేరేది మా ఇంట్లోనే. సాయంత్రం అయిదున్నరకి మా వీధి తలుపు లోపలివైపు పలక అయిపోయేది. పాత టేకు తలుపు, నల్లగా నూనె పట్టి ఉండేది, దాని మీద సుద్దముక్కతో రాస్తే బోర్డు మీద రాసినట్టే ఉండేది. తలుపు సగం మూసి, ఆ మూసిన రెక్క మీద నాన్న లెక్కలు చెప్పేవాడు. పదిహేను ఇరవై మంది పిల్లలు, ఫ్యాక్టరీకి వెళ్ళే అమ్మల పిల్లలే అందరూ. డబ్బులు ఇచ్చినవాళ్ళు ఇచ్చేవారు, నెలకి 20 రూపాయలు, ఇవ్వనివాళ్ళు ములక్కాడలో, రెండు కొబ్బరికాయలో తెచ్చేవారు. అవి కూడా తేనివాళ్ళే ఎక్కువ. భిన్నాలు చెప్పడానికి నాన్న జీడిపప్పు బద్దలు వాడేవాడు. గుండు ఒకటి, దాన్ని విప్పితే రెండు సగాలు, సగాన్ని విరిస్తే పావు. పాఠం అయ్యాక ఆ భిన్నాలు ఎవరికి వచ్చిన వాటా వాళ్ళు తినెయ్యాలి. తర్వాత ఎన్నో క్లాసుల్లో కూర్చున్నాను, పెద్ద పెద్ద చదువుల వాళ్ళ దగ్గర విన్నాను గానీ, అంత బాగా పాఠం చెప్పినవాళ్ళని చూడలేదు. ఆ తలుపు మీద ఉదయం అమ్మ తడిగుడ్డ పెట్టి తుడిచేది, ఎంత తుడిచినా సుద్ద చారలు ఉండిపోయేవి.

వీధిలో ఎవరికి ఏ ఫారం నింపాలన్నా, పింఛను అర్జీ, బ్యాంకు చలానా, సూరత్‌లో ఉన్న కొడుక్కి ఉత్తరం, అన్నీ నాన్న దగ్గరికే వచ్చేవి. అరుగు మీద కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని ఓపిగ్గా రాసిచ్చేవాడు. ఒక్క రూపాయి తీసుకునేవాడు కాదు. అది అమ్మకి కోపం. ఒకసారి మాత్రం బయటపడింది, "లోకమందరి కాగితాలూ నువ్వే రాస్తావు, నీ కాగితం ఎవరూ రాయరు" అంది. తర్వాత చాలాసేపు ఇద్దరూ మాట్లాడుకోలేదు.

అమ్మ గురించి ఒక్కటి చెప్పాలి. ప్రతి శనివారం కూలి డబ్బులు వచ్చేవి. రాత్రి మేం పడుకున్నామనుకుని అమ్మ లేచి, మేకుకి తగిలించి ఉన్న నాన్న ఇస్త్రీ చొక్కా జేబులో, పెన్ను వెనకాల, ఒక పది రూపాయల నోటు మడిచి పెట్టేది. టీకి, జిరాక్సులకి. పొద్దున్న నాన్న చొక్కా వేసుకునేటప్పుడు జేబు తడుముకుని ఏమీ ఎరగనట్టు ఉండేవాడు. ఆయన అడగలేదు, ఆవిడ ఇచ్చాననలేదు. నేను దుప్పటి సందులోంచి చూసేదాన్ని. కొన్ని వారాలు నోటు ఉండేది కాదు, రెండు రూపాయల బిళ్ళలు ఉండేవి, నడుస్తుంటే జేబులో గలగలమనేవి.

2007 చలికాలం అనుకుంటా, నేను ఏడో తరగతి. బడి నుంచి తేలినీలాపురం తీసుకెళ్తామన్నారు, టెక్కలి దగ్గర, పక్షులు వచ్చే ఊరు. ఏటా గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి చెట్ల నిండా వాలతాయి, అందరూ సైబీరియా పక్షులంటారు. మనిషికి 60 రూపాయలు. నాకు వెళ్ళాలని ఎంత ఉండేదో, పుస్తకంలో ఆ పక్షి బొమ్మ వేసుకున్నాను. నాన్నని అడిగితే "అమ్మని అడగవే" అన్నాడు. నాకేం పట్టిందో, "అన్నిటికీ అమ్మనే అడగమంటావు, నువ్వెప్పుడిస్తావు?" అన్నాను. అరవలేదు, గట్టిగా కూడా అనలేదు, మామూలుగానే అన్నాను. నాన్న నా వైపు చూడలేదు. లాంతరు వత్తి సవరించుకుంటూ ఉండిపోయాడు, ఆ రోజు కరెంటు లేదు.

మర్నాడు పొద్దున్న ఎప్పట్లాగే మెట్టు మీద కూర్చున్నాను. నూనె పెట్టాడు, పాయలు తీశాడు, అల్లాడు. ఎక్కం అడగలేదు. చేతుల్లో బిగువు లేదు, అసలు లాగనే లేదు, దూదిని ముట్టుకున్నట్టు ముట్టుకున్నాడు. మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి రెండు జడలూ వదులైపోయి రిబ్బన్లు జారిపోయాయి. నా పక్కన కూర్చునే అమ్మాయి నేను వేస్తానంది, వద్దన్నాను. ఆ ఊడిన జడలతోనే ఇంటికి వచ్చాను. ఆ తర్వాత సోమవారం నుంచి నేనే వేసుకోవడం మొదలుపెట్టాను, పెద్దదానివయ్యావు కదా అన్నాడు నాన్న. తేలినీలాపురం వెళ్ళలేదు, అమ్మ డబ్బులిచ్చినా వెళ్ళలేదు. ఆ మాట మాత్రం వెనక్కి రాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా గొంతు పట్టేస్తోంది నాకు.

హైదరాబాదు ధర్నాలకి వెళ్ళేటప్పుడు పలాస నుంచి విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో జనరల్ బోగీ. అమ్మ పులిహోర కట్టి ఇచ్చేది రెండు పూటలకి. ఇందిరా పార్కు దగ్గర కూర్చునేవారట, శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా అన్ని జిల్లాల వాళ్ళూ. అక్కడ పరిచయమైనవాళ్ళ గురించి చెప్పేవాడు. ఒకాయన సైకిలు మీద చీరలు అమ్ముకుంటున్నాడని, ఒకాయన ఆటో నడుపుతున్నాడని, ఒకాయన గడ్డం నెరిసిపోయి గుర్తుపట్టలేనంతగా అయ్యాడని. ఒక్కోసారి వెళ్ళొచ్చి, "ఈసారి ఫలానా ఆయన రాలేదు, పోయాడట" అని చెప్పి గోడకేసి చూసేవాడు. వచ్చేటప్పుడు నాకు కోఠీలో కొన్న రిబ్బన్లు తెచ్చేవాడు. నేను జడలు మానేసి ఒంటిజడలోకి మారాక కూడా రెండేళ్ళు రిబ్బన్లే తెచ్చాడు.

నా చదువు తెల్లకార్డుతో గడిచింది. రెండు రూపాయల బియ్యం, ప్రభుత్వ హైస్కూలు, తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్. అది లేకపోతే నేను ఇంజనీరింగు గుమ్మం తొక్కేదాన్ని కాదు. 2016లో హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం పంపించి ఫోను చేస్తే అమ్మ ఏడ్చింది. నాన్న ఫోను తీసుకుని, "ఆఫీసుకి టైముకి వెళ్తున్నావా?" అని అడిగాడు, అంతే. తమ్ముడి దారి వేరు. ఇంటర్‌తో ఆపేసి మొబైల్ షాపులో చేరిపోయాడు. "చదివి నాన్నలాగా కూర్చోమంటావా?" అన్నాడు నేను అడిగితే. ఒకే ఇంట్లో, ఒకే మెట్టు మీద పెరిగాం ఇద్దరం. నాకు నాన్న పెట్టిన ముద్దలు గుర్తుంటే వాడికి ఆ ఎర్ర అట్ట పుస్తకం గుర్తుంది. వాడిది తప్పని నేను అనలేను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. మా చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు వరసలు వరసలుగా పడిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. రెండు రోజుల తర్వాత నేను ఎలాగోలా ఇంటికి చేరాను. ఇంటి వెనక భాగం రేకులు ఎగిరిపోయాయి. అమ్మ చెప్పింది, ఆ రాత్రి గాలికి తలుపు కొట్టుకుంటుంటే నాన్న వీపు ఆనించి కూర్చున్నాడట తెల్లవార్లూ, ఒళ్ళో సర్టిఫికెట్ల ఫైలు. దానికి మూడు పాలిథిన్ సంచులు చుట్టి, పైన సైకిలు ట్యూబు ముక్కతో కట్టాడు. ఆయనకి అప్పటికి యాభై. బియ్యం డబ్బా తడిసింది, పరుపు తడిసింది, ఫైలు తడవలేదు.

2022 జూన్‌లో వార్త వచ్చింది, 98 డీఎస్సీ అర్హుల ఫైలు మీద ముఖ్యమంత్రి సంతకం చేశారని. నాలుగు వేల మందికి పైగా. అప్పటికి కొందరికి అరవై దాటిపోయాయి, కొందరు లేనే లేరు. నాన్న నమ్మలేదు. పేపర్లో చూశాక కూడా నమ్మలేదు, గ్రంథాలయానికి వెళ్ళి మిగతా పేపర్లలో కూడా ఉందో లేదో చూసుకున్నాడట. ఇంకో ఏడాది దాకా సర్టిఫికెట్ల పరిశీలన అదీ ఇదీ నడిచి, 2023లో సెకండరీ గ్రేడ్ టీచరుగా కాంట్రాక్టు పద్ధతిలో తీసుకున్నారు. మినిమం టైం స్కేలు, అంటే ఆ పోస్టుకి ఉండే కనీస జీతం, నెలకి 32,670. పర్మనెంటు కాదు, పింఛను లేదు, ఇంకెన్నాళ్ళు చేస్తాడు అని లెక్కలు వేసేవాళ్ళు వేశారు. నాన్నకి యాభై అయిదు. మందస మండలంలో ఒక ప్రాథమిక పాఠశాల, పదిహేడు మంది పిల్లలు. తమ్ముడు ఏమీ అనలేదు, సంతోషమనీ అనలేదు. కానీ రోజూ పొద్దున్న బండి తీసి నాన్నని బస్టాండులో దింపి, బస్సు కదిలేదాకా ఉండి అప్పుడు షాపుకి వెళ్తున్నాడు.

ఆ జూలైలో నాలుగు రోజులు సెలవు పెట్టి ఇంటికి వెళ్ళాను. రెండో రోజు పొద్దున్న లేచేసరికి హడావిడి. నాన్న కళ్ళజోడు వెతుక్కుంటున్నాడు, అమ్మ క్యారేజీ మూత బిగిస్తోంది, ఇప్పుడు కరెంటు ఇస్త్రీపెట్టే అయినా చొక్కా మాత్రం తనే చేసుకున్నాడు. ఏడున్నరకి తమ్ముడి బండి వెళ్ళిపోయింది. అమ్మ ఫ్యాక్టరీ మానలేదు, మానమంటే "ఇంట్లో కూర్చుని ఏటి చెయ్యను" అని ఆవిడా బయల్దేరింది.

నేను ఒక్కదాన్నే మిగిలాను. టీ పెట్టుకుని అరుగు మీదకి వచ్చి కింది మెట్టు మీద కూర్చున్నాను. పదయింది. ఆ ఇంట్లో పగటిపూట నాన్న చడీచప్పుడు లేకుండా అంతసేపు నేనెప్పుడూ ఉండలేదు. బడి నుంచి ఎప్పుడొచ్చినా, జ్వరమొచ్చి మధ్యలో పంపేసినా, హైదరాబాదు నుంచి చెప్పకుండా దిగినా, గొంతు విని లోపలి నుంచి "వచ్చావా" అనే మనిషి ఒకడు ఎప్పుడూ ఉండేవాడు. ఆ రోజు వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాను. సుద్ద చారలు ఇంకా ఉన్నాయి.

పదిన్నరకి వీధి చివరి మామ్మ కర్ర ఊతంగా వచ్చింది, చేతిలో మడిచిన కాగితం. ఆవిడకి కంటి చూపు తగ్గింది, నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

"మాస్టారు ఉన్నారేటమ్మా? పింఛను కాగితం రాయించుకోవాలి."

"నాన్న బడికెళ్ళాడు మామ్మా" అన్నాను.

"ఏ బడికి?"

"మందస దగ్గర. పాఠాలు చెప్పడానికి."

"ఓలమ్మ, నిజమేగదా, మర్సిపోనాను" అని ఆవిడ మెట్టు మీద నా పక్కన కూలబడింది. "ఎప్పుడొస్తారు మరి?"

"అయిదున్నరకి" అన్నాను. లోపలికి వెళ్ళి నాన్న అట్ట, పెన్ను తెచ్చుకుని, ఆ కాగితం మోకాలి మీద పెట్టుకుని, మామ్మ పేరు అడిగి రాయడం మొదలుపెట్టాను.